నడిగడ్డలో ఆరుబయటి పని: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ దేనికి జవాబుదారీ?

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ అంటే గోడల బయట ఉన్న నేలను రూపుదిద్దే వృత్తి. ఊరి పార్కు, చెరువు కట్ట, గుడి ముందరి ఆవరణ, కాలేజీ మైదానం, రోడ్డు మధ్య పచ్చదనం, కొత్త కాలనీలో వాననీరు పోయే దారి, అన్నీ దీని కిందికే వస్తాయి. చాలామంది దీన్ని తోటపని అనుకుంటారు. తోటపని ఇందులో ఒక భాగమే. నేల వాలు ఎటు ఉండాలి, నీళ్లు ఎక్కడ ఆగాలి, ఎక్కడ పోవాలి, మనుషులు ఎటు నడుస్తారు, ముసలివాళ్లు ఎక్కడ కూర్చుంటారు, ఏ చెట్టు పదేళ్లకు ఎంత నీడనిస్తుంది అన్నవి ముందే ఆలోచించి గీతల్లో పెట్టడం అసలు పని. కట్టడం అప్పగించిన రోజున కొత్తగా, గట్టిగా ఉంటుంది. తోట అప్పగించిన రోజున అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. మొక్కలు మోకాలెత్తు, వేర్లు ఇంకా పట్టలేదు, రాబోయే మొదటి ఎండాకాలం తలచుకుంటేనే భయం. ఈ వృత్తిలోని బాధ్యతలు మిగతా నిర్మాణ వృత్తుల కంటే వేరుగా ఉండటానికి మూలకారణం ఇదే.

ఈ పేరు అమెరికాలో పుట్టింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు 1858లో నమూనా గీసిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ 1863 ప్రాంతంలో ఈ బిరుదును అధికారికంగా వాడారు. అక్కడి వృత్తి సంఘం 1899లో ఏర్పడింది. 1953లో కాలిఫోర్నియా ఈ పనికి లైసెన్సు చట్టం తెచ్చింది. తరువాత మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. ప్రజల ఆరోగ్యం, భద్రత, క్షేమం కాపాడగలనని పరీక్ష రాసి నిరూపించుకున్నవాళ్లకే అక్కడ లైసెన్సు. అంటే ఈ వృత్తిని అలంకారంగా గాక, తప్పు జరిగితే మనిషికి హాని చేయగల పనిగా చూశారు.

మన దేశంలో లెక్క వేరు. 1972 నాటి ఆర్కిటెక్ట్‌ల చట్టం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదు కానివాళ్లు ఆర్కిటెక్ట్ అనే పేరు వాడకూడదని 37వ సెక్షన్‌లో చెప్పింది. ఆ వెంటనే ఒక మినహాయింపు ఇచ్చింది: ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌కు, ఓడలు గీసే నావల్ ఆర్కిటెక్ట్‌కు ఈ నిబంధన వర్తించదు. మొక్కలు, చెట్లు, ప్రకృతి దృశ్యాలకు సంబంధించిన ఖాళీ స్థలాల రూపకల్పన చేసేవాడు ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అని ఒక నిర్వచనం రాసి వదిలేసింది. ఫలితంగా ఎవరైనా బోర్డు మీద ఈ పేరు రాసుకోవచ్చు. ఆర్కిటెక్ట్‌ల విషయంలో కూడా ఈ చట్టం కాపాడేది పేరునే గాని పనిని కాదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ఆ పేరుకే కాపు లేని ల్యాండ్‌స్కేప్ సంగతి చెప్పక్కర్లేదు.

అలాగని బాధ్యత లేదని కాదు. అది ఒక్కచోట లేదు, అంతే. ఈ రంగంలో పెద్ద చదువు చదివినవాళ్లలో ఎక్కువమంది ముందు ఆర్కిటెక్చర్ చదివి కౌన్సిల్‌లో నమోదైనవాళ్లే. ఢిల్లీలోనూ విజయవాడలోనూ ఉన్న స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి చోట్ల ల్యాండ్‌స్కేప్‌లో పీజీ చేస్తారు. నమోదు ఉన్నందున 1989 నాటి వృత్తి ప్రవర్తన నియమాలు వాళ్లకు వర్తిస్తాయి. ఆ నియమాల్లో మొట్టమొదటిదే ఈ వృత్తికి కొలిచి కుట్టినట్టు ఉంటుంది: చేసే పని పర్యావరణ నాణ్యతకూ సమాజం భవిష్యత్ క్షేమానికీ అడ్డు రాకూడదు. కమీషన్లు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. పనిలో సొంత లాభం ఏదైనా ఉంటే యజమానికి ముందే చెప్పాలి. ల్యాండ్‌స్కేప్ పనికి ఏ దశలో ఏమి ఇవ్వాలో, ఎంత ఫీజు తీసుకోవచ్చో కూడా కౌన్సిల్ రాసి పెట్టింది. 2003లో ఏర్పడిన ఇండియన్ సొసైటీ ఆఫ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్స్ వృత్తి సంఘంగా పనిచేస్తోంది. నమోదు లేనివాడికి ఇవేవీ పట్టవు. అతన్ని కట్టిపడేసేది రాసుకున్న ఒప్పందం, వినియోగదారుల చట్టం, ఆ తరువాత నీటికీ చెట్టుకూ పాత కట్టడాలకూ సంబంధించిన చట్టాలు. ఇవి మాత్రం నమోదు ఉన్నా లేకున్నా అందరికీ ఒకటే.

ఈ బాధ్యతలు నిజంగా ఎలా ఉంటాయో చూడటానికి కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డ మంచి చోటు. గద్వాల, అలంపురం ఈ నడిగడ్డలో ఉన్నాయి. నది దాటితే వనపర్తి, ఆ పక్కన నాగర్‌కర్నూల్. రెండు పెద్ద నదులు పక్కనే పారుతున్నా తెలంగాణలో తక్కువ వాన పడే ప్రాంతం ఇదే. ఒకచోట నల్లరేగడి, మరోచోట ఎర్ర చెలక, అక్కడక్కడా చవుడు. పాత సంస్థానాల కోటలు, చాళుక్యుల గుడులు, పెద్ద చెరువులు, చివర్లో నల్లమల అడవి. ఒక వృత్తికి ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఈ ఒక్క ప్రాంతంలోనే దొరుకుతాయి.

మొదటి బాధ్యత పని ఇచ్చినవాడికి నిజం చెప్పడం. యజమాని మునిసిపాలిటీ కావచ్చు, గుడి పాలకమండలి కావచ్చు, ఫంక్షన్ హాలు కట్టుకుంటున్న వ్యాపారి కావచ్చు. దాదాపు అందరూ ముందు అడిగేది లాన్. లాన్ అంటే నీళ్లు. ఎండాకాలంలో చదరపు మీటరు గడ్డికి రోజుకు కనీసం అయిదు లీటర్లు పోయాలి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు, అంటే రోజుకు 20 వేల లీటర్ల పైమాటే. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ఏప్రిల్‌లో తాగునీటికే బోర్లు ఎండే వార్డులో రోజూ నాలుగు ట్యాంకర్ల నీళ్లు గడ్డికి పోయించే నమూనా గీయడం, యజమాని అడిగినా సరే, వృత్తిధర్మం కాదు. ఈ లెక్కను అంచనా పత్రంలోనే పెట్టి, ఏడాదికి నిర్వహణ ఖర్చు ఎంతో చూపి, ఆ తరువాత నిర్ణయం యజమానికి వదలాలి. కట్టడానికి అయ్యే ఖర్చు చెప్పి, బతికించడానికి అయ్యే ఖర్చు దాచడం ఈ రంగంలో అన్నిటికంటే మామూలు తప్పు.

దాని వెనుకే వస్తుంది సొంత లాభం సంగతి. నమూనా ఉచితం, మొక్కలు మా దగ్గరే కొనాలి అనే పద్ధతి అందరికీ తెలిసిందే. వినడానికి బాగుంటుంది. కాని నమూనా గీసేవాడే మొక్కలు అమ్మితే, మూడు వేపలు చాలిన చోట ముప్పై తాటిజాతి అలంకార మొక్కలు లేస్తాయి. నిజమైన రూపకర్త సంపాదన ఫీజు రూపంలోనే రావాలి. మొక్కల బిల్లు పెరిగితే అతనికి ఒక్క రూపాయి కూడా కలవకూడదు. కాంట్రాక్టరు తెచ్చిన మొక్క ఒప్పుకున్న ఎత్తు, కాండం లావు ఉందో లేదో కొలిచి తిరగ్గొట్టే ధైర్యం అప్పుడే ఉంటుంది.

మొక్క ఎంపికలో నేల మొదటి గురువు. ఇక్కడ దొరికే అలంకార మొక్కల్లో ఎక్కువ భాగం తూర్పుగోదావరి కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. గోదావరి ఒండ్రుమట్టిలో, తేమ గాలిలో పెరిగిన మొక్కను నేరుగా గద్వాల మే ఎండలో పెడితే అది బతికేది అదృష్టం కొద్దీ. కొన్నాళ్లు షేడ్‌నెట్ కింద ఉంచి అలవాటు చేయాలి, సంచిలో వేర్లు చుట్టలు చుట్టుకున్నాయేమో చూడాలి, వానలు మొదలయ్యాక నాటాలి. ఈ మూడు మాటలూ టెండరు పత్రంలో రాయాల్సింది ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టే. రాయకపోతే కాంట్రాక్టరు తనకు తీరిక ఉన్న నెలలో నాటుతాడు, అతన్ని తప్పుపట్టలేం. రేగడి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. వానకు ఉబ్బి, ఎండకు చేయి పట్టేంత బీటలిస్తుంది. దాని మీద నేరుగా టైల్స్ పరిస్తే రెండేళ్లలో లేస్తాయి, తట్టుకుని పడేవాళ్లుంటారు. పై రేగడి తీసేసి, మొరం పోసి దిమ్మిస చేసి, నీళ్లు నిలవకుండా వాలు ఇచ్చాకే నడకదారి వేయాలి. నడిచే మనిషి కాలు విరిగితే అది ప్రమాదమే గాని, గీతలోని లోపం వల్ల జరిగిన ప్రమాదం.

తెలియక పెట్టిన మొక్క ఊరంతటికీ తలనొప్పి అవుతుంది. కోనోకార్పస్ ఇందుకు ఉదాహరణ. త్వరగా పెరుగుతుంది, ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. అందుకే రోడ్ల మధ్య, ఆఫీసుల చుట్టూ వరసలుగా పెట్టారు. తరువాత పుప్పొడితో అలర్జీలు, పైపులనూ డ్రైనేజీలనూ పట్టుకునే వేర్ల గురించి ఫిర్యాదులు వచ్చాయి. తెలంగాణలో దాన్ని కొత్తగా పెట్టవద్దన్నారు, గుజరాత్ 2023లో నిషేధించింది. విశాఖలో 2014 హుద్‌హుద్ తుపాను తరువాత పెద్ద ఎత్తున నాటిన ఏడాకులపాల చెట్లు పూతకు వచ్చినప్పుడు ఆ ఘాటు వాసనతో ఊపిరాడటం లేదని జనం మొత్తుకున్నారు. రెండుచోట్లా చెట్టు తప్పేమీ లేదు. ఒకే జాతిని వేలసంఖ్యలో, ఇళ్ల కిటికీల పక్కన పెట్టించిన ఆలోచనది తప్పు. నడిగడ్డకు వేప, కానుగ, చింత, నేరేడు, రేల, మోదుగ, రావి, మర్రి ఉండగా దూరదేశపు చెట్టుకు పరుగెత్తాల్సిన అవసరం అరుదు. అయితే స్థానికం అన్న మాటను కూడా గుడ్డిగా పట్టుకోకూడదు. రావిని ప్రహరీ గోడ పక్కన పెడితే అది గోడనే తింటుంది.

నాటిన మొక్కలకు లెక్క చెప్పే పని ఇప్పుడు చట్టంలోకి కూడా వచ్చింది. 2015 జూలైలో తెలంగాణలో మొదలైన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారం తరువాత, 2018 పంచాయతీరాజ్ చట్టం నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే భారం సర్పంచ్ మీదా కార్యదర్శి మీదా పెట్టింది. 2019 పురపాలక చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించమంది. ఆ 85 శాతం నిలవడానికి సగం కారణం నమూనాలోనే ఉంటుంది. గుంత ఎంత లోతు, పక్కన బోరు ఉందా, మేకలు వచ్చే దారా కాదా అన్నవి నాటకముందు తేల్చనివాడు, ఎండిన మొక్కకు కార్యదర్శిని తిట్టిస్తున్నట్టే.

ఈ ప్రాంతంలో ల్యాండ్‌స్కేప్ పని ఎక్కువగా జరిగేది చెరువుల దగ్గర. వనపర్తి సంస్థానం తవ్వించిన పెద్ద చెరువులను జనం సప్తసముద్రాలంటారు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడిని ఆనుకున్న రంగసముద్రం వాటిలో ఒకటి. 2015 మార్చిలో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో పూడికతీతతో పాటు, పట్టణాల పక్క చెరువులను మినీ ట్యాంక్‌బండ్‌లుగా తీర్చే పని కూడా చేపట్టారు. నాగర్‌కర్నూల్ కేసరిసముద్రం అలా మారింది. నడక దారి, దీపాలు, బతుకమ్మ దించే మెట్లు చూడటానికి చిన్న పనులే. కాని చెరువు కట్ట అంటే ఆనకట్ట. కట్ట మీద పెద్ద చెట్టు పెడితే, అది ఏనాడో చచ్చి వేరు కుళ్లినప్పుడు ఆ బొక్క వెంట నీళ్లు దారి చేసుకుంటాయి. మెట్ల కోసం కట్టను లోపలివైపు కోస్తే బలం తగ్గుతుంది. అలుగు దగ్గర వ్యూ పాయింటు కడితే వరద రోజున అలుగు పారదు. అందుకే ఇక్కడ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ మొదటి పని నీటిపారుదల ఇంజనీరు దగ్గర కూర్చోవడం. తనకు రాని లెక్కను తానే వేయకుండా, వచ్చినవాడితో వేయించి సంతకం తీసుకోవడం కూడా వృత్తి బాధ్యతే. ప్రవర్తన నియమాల్లో కనిపించే నిజాయితీ అన్న మాటకు క్షేత్రంలో ఇదే అర్థం.

చెరువు ఎక్కడ ముగుస్తుందనేది మరో తగాదా. పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే గీత, అంటే ఎఫ్‌టీఎల్, దాని బయట కొంత ఖాళీ నేల వదలాలి. 2012 నాటి భవన నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు తొమ్మిది మీటర్లు. ఆ ముప్పై మీటర్లను పచ్చగా, వాహ్యాళికి ఉంచవచ్చు గాని కట్టడాలు లేపకూడదు. ఎండాకాలంలో శిఖం భూమి, అంటే చెరువు లోపలి నేల, ఖాళీగా కనిపిస్తే ఫుడ్‌కోర్టు గీయమని అడిగేవాళ్లకు కొదవ ఉండదు. గీయనని చెప్పడం, ఎందుకు గీయనో కాగితం మీద రాసి ఇవ్వడం ఫీజులో భాగమే. అంతకంటే ముందు అక్కడ ఇప్పటికే ఉన్న మనుషులను అడగాలి. చేపలు పట్టేవాళ్ల వలలు ఎక్కడ ఆరుతాయి, బట్టలుతికే రాళ్లు ఎక్కడున్నాయి, గొర్రెలు ఎటునుంచి నీళ్లకు దిగుతాయి. మేస్త్రికి, వాచ్‌మన్‌కు ఇవన్నీ తెలుసు. చుట్టూ రెయిలింగ్ బిగించి అందరినీ బయటికి నెట్టిన చెరువు ఫొటోల్లో మాత్రమే అందంగా ఉంటుంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చాక చక్రాల కుర్చీ వెళ్లేలా ఒకటికి పన్నెండు వాలులో ర్యాంపు ఇవ్వడం దయాదాక్షిణ్యం కాదు. రాత్రి ఆడవాళ్లు భయం లేకుండా నడిచేలా దీపాలు, గుబురు లేని పొదలు, దగ్గర్లో మరుగుదొడ్డి ఉండాలి. చివరిది చాలా నమూనాల్లో కనిపించదు.

అలంపురం ఇంకో రకం పరీక్ష. ఏడో శతాబ్దంలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు తుంగభద్ర ఎడమ ఒడ్డున ఉన్నాయి. శ్రీశైలం జలాశయం ముంపు వచ్చినప్పుడు నదికీ గుడులకూ మధ్య రక్షణ గోడ కట్టారు. పాపనాశి గుడులనూ కూడవెల్లి సంగమేశ్వరాలయాన్నీ రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆ కాలపు పురావస్తు శాఖ చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి. అయినా తెచ్చింది రాళ్లనే. కృష్ణా తుంగభద్ర కలిసే చోటు, అక్కడి గాలి, నీటి మీద పడే గుడి నీడ నీళ్లలోనే ఉండిపోయాయి. స్థలం అనేది వస్తువు కంటే పెద్దదని ఈ వృత్తివాళ్లకు ఇంతకంటే బాగా చెప్పే పాఠం తెలుగునేల మీద మరొకటి లేదు. కేంద్రం రక్షణలో ఉన్న స్మారకం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై రెండువందల మీటర్లలో అనుమతి తీసుకోవాలని 2010 సవరణ చట్టం చెబుతుంది. పార్కింగు, దుకాణాలు, సేదతీరే మండపం గీసేవాడు ముందు ఈ గీతలు గీసుకోవాలి. ఆ తరువాత కూడా చట్టానికి కనిపించనివి ఉంటాయి. ఇసుకరాతి గోడను ఆనుకుని స్ప్రింక్లర్ పెడితే తడి ఎక్కి రాతిమీద ఉప్పు పూస్తుంది. శిఖరానికి అడ్డంగా వరస చెట్లు పెడితే ఒక తరం గడిచేసరికి గుడి కనబడదు.

గద్వాల కోటకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పెద్ద సోమభూపాలుడు పదిహేడో శతాబ్దంలో కట్టించిన ఈ కోటను జనం మట్టికోట అంటారు. లోపల చెన్నకేశవాలయం, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉన్నాయి. మట్టి గోడకు ఫిరంగి కంటే నీరే పెద్ద శత్రువు. గోడ పాదం దగ్గర పూలమడి వేసి రోజూ తడిపితే లోపలినుంచి కరుగుతుంది. పగుళ్లలో మొలిచిన రావినీ జువ్వినీ అలాగే పెరగనిస్తే వేర్లు గోడను చీలుస్తాయి. మొక్కల్ని ఇష్టపడటం కాదు, ఎక్కడ మొక్క పెట్టకూడదో చెప్పగలగడమే ఇక్కడ రూపకర్త విలువ.

పాత చెట్టు విషయంలో పాలమూరు పిల్లలమర్రి అందరికీ తెలిసిన కథ. మూడెకరాల వరకు పరచుకున్న, వందల ఏళ్ల వయసున్న ఆ మర్రి కొమ్మలను చెదలు తొలిచాయి. 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ విరిగింది, సందర్శకులను ఆపేశారు. తరువాత సెలైన్ సీసాల్లాగా మందు చుక్కలు చుక్కలుగా కొమ్మలకు ఎక్కించి, వాలిన వాటికి కింద దిమ్మెలు కట్టి నిలిపారు. ఆ దృశ్యం ఫొటోల్లో దేశమంతా తిరిగింది. మహావృక్షం చుట్టూ నమూనా గీసేవాడికి అందులో పని ఉంది: మనుషుల కాళ్ల కింద వేర్ల చుట్టూ మట్టి గట్టిపడకుండా దారిని పక్కకు తిప్పడం, ఊడలకు ఊయలలు కట్టనివ్వకపోవడం, సిమెంటు అరుగులు వేర్ల మీద పోయకపోవడం, ఏడాదికోసారి నిపుణుడితో చూపించమని నిర్వహణ పత్రంలో రాయడం. చెట్టు కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. రోడ్డు వెడల్పు చేసే నమూనాలో గీతను రెండు మీటర్లు జరిపితే నాలుగు చింతలు బతుకుతాయా అని ముందే చూడటం, అనుమతి దరఖాస్తు కంటే తక్కువ ఖర్చు.

నాగర్‌కర్నూల్ దక్షిణాన అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలయ్యాక నియమం చిన్నది: తక్కువ చేయడం. అటవీ శాఖ అనుమతి లేనిదే ఏదీ కదలదు. వచ్చినా అక్కడి వాగు ఒడ్డున లాన్లు, రంగురంగుల లైట్లు అడవిలో బతికే చెంచులకూ పులులకూ ఎవరికీ పనికిరావు. బయటి నర్సరీ మట్టితో పాటు వయ్యారిభామ కలుపు విత్తనం కూడా వస్తుందని గుర్తుంచుకుని, అడవిలోపలికి మొక్కలు తేకపోవడమే మేలు.

కాగితం మీది నమూనా ఎంత బాగున్నా, పని చివరికి సైటులో తేలుతుంది. తవ్విన గుంతలు కప్పకముందే చూడాలి. కప్పాక లోపల ఎరువు పోశారో, మేస్త్రి తిని పారేసిన ప్లేట్లు పోశారో ఎవరికీ తెలియదు. డ్రిప్ పైపులో పీడనం, మట్టి పరీక్ష ఫలితం, చచ్చిన మొక్కల సంఖ్య రాసిపెట్టాలి. బిల్లు మీద సంతకం అంటే, చూశాను అని అర్థం. చూడకుండా పెట్టిన సంతకం వృత్తిధర్మానికి విరుద్ధం. సాధారణంగా ఒప్పందంలో ఏడాది నిర్వహణ, చచ్చిన మొక్కకు బదులు మొక్క కాంట్రాక్టరు ఖర్చులో ఉంటాయి. నడిగడ్డలో ఆ గడువును తగ్గించినా, అందులో కనీసం ఒక పూర్తి ఎండాకాలం వచ్చేలా తేదీ చూసుకోవాలి. జూన్‌లో మొదలై ఫిబ్రవరిలో ముగిసే నిర్వహణకు అర్థం లేదు.

అప్పగింత రోజున యజమాని చేతికి వెళ్లాల్సినవి: ఉన్నది ఉన్నట్టు గీసిన పటం, వాల్వులు ఎక్కడున్నాయో గుర్తులు, ఏ మొక్కకు ఏ నెలలో ఎన్ని నీళ్లు, ఏ చెట్టు కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలి అన్న పట్టిక. ఈ కాగితాలు చాలాసార్లు ఇంగ్లీషులో ఉండి, ఇంజనీరు టేబుల్ సొరుగులో నిద్రపోతాయి. నీళ్లు పట్టేది మునిసిపాలిటీ తోటమాలి. పట్టిక తెలుగులో, పెద్ద అక్షరాల్లో, పంపు గది గోడ మీద అంటించి ఉండాలి.